ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు – తెలుగు పాఠం మనుగడ: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

కంప్యూటర్‌లో పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను వదిలి కొత్తదానికి మారవలసి వచ్చినప్పుడల్లా తెలుగు పరిశోధకులు, అధ్యాపకులు సందేహించడం కనిపిస్తుంది. ఈ సందేహాన్ని సాంకేతిక పరిజ్ఞానం లేకపోవడం వల్ల పుట్టిన భయంగా తీసిపారేయడం పరిపాటి. అది సరికాదని, ఆ సందేహం నిజానికి పాఠరక్షణకు సంబంధించిన ప్రశ్న అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఫాంటు సంకేతంలో ఉన్న తెలుగు పాఠానికీ, యూనికోడ్‌లో ఉన్న పాఠానికీ గల భేదాన్ని పాఠపరిష్కరణ దృష్టితో పరిశీలించి, కొత్త వ్యవస్థ వల్ల తెలుగు పరిశోధనకు కలిగే లాభనష్టాలను, ముఖ్యంగా ఖమ్మం–భద్రాచలం అడవి అంచు ప్రాంతాల మౌఖిక సాహిత్య సేకరణకు వర్తించే విషయాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: ఆపరేటింగ్ సిస్టమ్, యూనికోడ్, ఫాంటు సంకేతం, పాఠపరిష్కరణ, పాఠభేదం, కోయ భాష, జూలూరుపాడు.

1. ప్రవేశిక

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు ముగిసింది. అంతకుముందు 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి, 2020 జనవరి 14న విండోస్ 7కి ఇలాగే ముగిసింది. మద్దతు ముగిసిన మరునాడు కంప్యూటర్ ఆగిపోదు. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు సవరణలు రావడం మాత్రం ఆగిపోతుంది. కాబట్టి మారాలని అందరూ చెబుతారు. తెలుగు శాఖల్లో, డి.టి.పి. కేంద్రాల్లో మాత్రం ప్రతిసారీ ఒకే ప్రశ్న వినిపిస్తుంది: “మారితే మన ఫైళ్లు తెరుచుకుంటాయా?”

ఖమ్మం నుంచి తల్లాడ, ఏన్కూరుల మీదుగా కొత్తగూడెం వెళ్లే దారిలో, మైదానం ముగిసి అడవి మొదలయ్యే చోట ఉన్న జూలూరుపాడు వంటి మండల కేంద్రం నుంచి చూస్తే ఈ ప్రశ్నకు ఉన్న బరువు అర్థమవుతుంది. ఇటువంటి చోట పరిశోధకుడు చేతిరాత ప్రతిని డి.టి.పి. కేంద్రానికి ఇచ్చి కూర్పు చేయించుకోవడం నిన్నమొన్నటి దాకా ఉన్న పద్ధతి. అచ్చుప్రతి పరిశోధకుడి దగ్గర ఉంటుంది. పాఠం మాత్రం ఆ కేంద్రంలోని ఒక కంప్యూటర్‌లో, ఒక పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద, ఒక ఫాంటుకు కట్టుబడి ఉంటుంది. ఆ యంత్రం మారితే ఆ పాఠం ఏమవుతుందన్నది సాంకేతిక నిపుణుడికి వదిలేయదగిన విషయం కాదు. అది సాహిత్య విద్యార్థి పట్టించుకోవలసిన విషయం.

2. సందేహం – దాని స్వరూపం

కొత్త వ్యవస్థ పట్ల తెలుగు రచయితలు, అధ్యాపకులు వ్యక్తం చేసే సందేహాలను నాలుగు విధాలుగా విభజించవచ్చు.

మొదటిది పాత ఫైళ్లకు సంబంధించినది. తెలుగు అచ్చులో దీర్ఘకాలం రాజ్యమేలిన కూర్పు సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్. దాని చివరి ప్రధాన కూర్పు 7.0 వచ్చింది 2001లో. అది యూనికోడ్‌ను ఎరగదు. దానితో పాటు వాడే తెలుగు ఫాంట్లూ, వాటి కీబోర్డు ప్రోగ్రాములూ ఆ కాలపు విండోస్‌ను దృష్టిలో పెట్టుకొని తయారైనవే. 64 బిట్ల విండోస్‌లో 16 బిట్ల నాటి ప్రోగ్రాములు పనిచేయవు. విండోస్ 11కు 32 బిట్ల కూర్పే లేదు. కాబట్టి ఈ సందేహానికి ఆధారం ఉంది.

రెండవది చేతి అలవాటు. టైపు యంత్రం అమరికలోనో, అను, యాపిల్ అమరికల్లోనో ఇరవై ఏళ్లు పనిచేసిన చేయి, మరో అమరికకు వెంటనే లొంగదు. అయితే ఈ సందేహంలో ఒక పొరపాటు ఉంది. కీబోర్డు అమరిక వేరు, అక్షర సంకేతం వేరు. అలవాటైన అమరికలోనే యూనికోడ్ అక్షరాలు పడేలా కీబోర్డును కూర్చుకోవడం సాధ్యమే. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఇస్కీతో పాటు ఆమోదించిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ లభిస్తుంది. రోమన్ అక్షరాలతో తెలుగు రాసే ఫోనెటిక్ కీబోర్డు 2019లో విండోస్ 10లోకే వచ్చింది. కాబట్టి చేతి అలవాటు ఇబ్బందే కాని, అడ్డంకి కాదు.

మూడవది అక్షర సౌందర్యం. యూనికోడ్ ఫాంట్లు తక్కువగా ఉన్నాయనీ, ఉన్నవి పుస్తకం పుటకు నప్పవనీ ఒకప్పుడు చేసిన విమర్శ న్యాయమైనదే. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఒక్కటే చాలామందికి తెలిసిన రోజుల్లో ఆ మాట అన్నారు. దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, ఆ తరువాత ఉచితంగా విడుదలైన గిడుగు, గురజాడ, సురవరం, మండలి, రామభద్ర మొదలైన ఫాంట్లు వచ్చాక ఈ విమర్శ బలం చాలావరకు తగ్గింది.

నాలుగవది యంత్రం ఖరీదు. విండోస్ 11కు కనీసం 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వ, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, నిర్దేశించిన కొత్త తరం ప్రాసెసర్ కావాలి. పాత కంప్యూటర్లతో నడిచే కళాశాలకు ఇది చిన్న సమస్య కాదు. దీనికి ప్రత్యామ్నాయం ఉన్నదో లేదో ఆరవ భాగంలో చూద్దాం.

ఈ నాలుగింటిలో రెండవది, మూడవది కాలంతో తీరినవి లేదా తీరుతున్నవి. నాలుగవది ఆర్థికమైనది. మొదటిది మాత్రమే పాఠానికి సంబంధించినది. మిగతా మూడింటికీ సమాధానం చెప్పి, మొదటిదాన్ని దాటవేయడమే మార్పును సమర్థించేవారి వాదంలో ఉన్న లోపం.

3. పాఠం ఎక్కడ ఉంది?

ఫాంటు సంకేతంలో కూర్చిన ఫైలులో తెలుగు పాఠం ఉన్నదా అన్న ప్రశ్న విచిత్రంగా తోచవచ్చు. తెరమీద తెలుగు కనిపిస్తుంది, కాగితం మీద తెలుగు పడుతుంది. కాని ఫైలులో నిజంగా ఉన్నవి రోమన్ అక్షరాలకూ, ఇతర గుర్తులకూ కేటాయించిన సంకేతాలు. ఆ స్థానాల్లో రోమన్ అక్షరాల బొమ్మలకు బదులు తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి తెలుగు అక్షర భాగాల బొమ్మలను ఫాంటు చూపిస్తుంది. ఫాంటు తీసేస్తే తెలుగు మాయమై అర్థంలేని గుర్తుల వరుస మిగులుతుంది. అంటే పాఠంలో సగం ఫైలులో, మిగతా సగం ఫాంటులో ఉన్నాయన్నమాట. ఆ ఫాంటును నడిపే ప్రోగ్రామేమో ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడి ఉంటుంది. ఈ గొలుసులో ఏ కొక్కెం తెగినా పాఠం తెగుతుంది.

యూనికోడ్ పద్ధతి దీనికి భిన్నమైనది. 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగుకు ప్రత్యేక స్థానం లభించింది. భారతీయ లిపుల అమరికకు ఇస్కీ ఆధారమయింది. ఇందులో బొమ్మకు సంకేతం ఉండదు, వర్ణానికి ఉంటుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అనే ఆరు సంకేతాల వరుసగా నిలువవుతుంది. అది ఉచ్చారణ క్రమం. ఆ ఆరింటినీ కలిపి ఒక సంయుక్తాక్షరంగా చూపించే బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్‌దీ, ఫాంటుదీ. ఏ ఫాంటుతో చూసినా, ఏ వ్యవస్థలో చూసినా పాఠం అదే. ఆకారం మాత్రమే మారుతుంది.

ఈ బాధ్యతను విండోస్ తెలుగు విషయంలో తీసుకున్నది 2001 నాటి ఎక్స్‌పీతోనే. అందులో కూడా సంక్లిష్ట లిపుల సదుపాయాన్ని వాడుకరి విడిగా ఎంచుకుని స్థాపించుకోవలసి వచ్చేది. ఆ తరువాతి కూర్పుల్లో ఆ అవసరం లేకపోయింది. విండోస్ 7లో వాణి, విండోస్ 8లో నిర్మల ఫాంట్లు చేరాయి. కూర్పు రంగంలో ఇన్‌డిజైన్ 2012 నాటి సీఎస్6 కూర్పుతో తెలుగు సహా భారతీయ లిపులకు స్థానం కల్పించింది. కనుక ఎక్స్‌పీని పట్టుకుని ఉండటంలో 2005లో ఉన్న న్యాయం 2012 నాటికే సగం కరిగిపోయింది.

ఫాంటు సంకేతాన్ని తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ తెలుగును చూపించలేని కాలంలో పత్రికలను, పాఠ్యపుస్తకాలను, సిద్ధాంతగ్రంథాలను నడిపించింది ఆ పద్ధతే. అది అచ్చు కోసం పుట్టింది, అచ్చు పనిని సమర్థంగా చేసింది. అచ్చు కోసం తయారైన దాన్ని భద్రపరచే సాధనంగా భావించడమే మనం గమనించవలసిన దోషం.

4. మార్పిడి – పాఠభేదాలు

తాళపత్రం శిథిలమయ్యేలోగా మరో ప్రతి రాయించడం మన సంప్రదాయం. ఆ క్రమంలో లేఖకదోషాలు చేరడం, వాటిని పట్టుకునేందుకు పలు ప్రతులను పోల్చడం సాహిత్య విద్యార్థికి తెలిసినవే. సి.పి. బ్రౌన్ (1798–1884) ఒకే కావ్యానికి పలు ప్రతులు సేకరించి, పండితులచేత పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. ఫాంటు సంకేతం నుంచి యూనికోడ్‌కు చేసే మార్పిడిని కూడా ఇలాంటి ప్రతిలేఖనంగానే చూడాలి. ఇక్కడ లేఖకుడు ఒక ప్రోగ్రాము. మనిషి అలసిపోయి తప్పు చేస్తాడు. ప్రోగ్రాము అలసిపోదు కాని, చేసిన తప్పును ప్రతిచోటా చేస్తుంది. అందువల్ల దాని దోషాలు క్రమబద్ధంగా ఉంటాయి. పరిష్కర్తకు అది ఒక విధంగా మేలు.

ఈ దోషాలకు మూడు ప్రధాన స్థానాలు ఉన్నాయి. ఒకటి, క్రమం. బొమ్మల వరుసలో ముందు గుణింతంతో కూడిన అక్షరం, తరువాత వత్తు రావచ్చు. ఎడమవైపు నుంచి చుట్టే రవత్తు అక్షరం కంటే ముందే రావచ్చు. యూనికోడ్‌లో వత్తు ముందు, గుణింతం తరువాత. ఈ క్రమాన్ని తిరగవేయడంలో మార్పిడి ప్రోగ్రాము తడబడితే వత్తు పక్క అక్షరానికి అంటుకుంటుంది. రెండు, భాషల కలగలుపు. తెలుగు బొమ్మలకూ, ఇంగ్లీషు అక్షరాలకూ ఒకే సంకేతాలు కాబట్టి, ఫాంటు సమాచారం లేకుండా పాఠాన్ని మాత్రమే నకలు చేస్తే ఏది తెలుగు, ఏది ఇంగ్లీషు అన్నది తెలియదు. సిద్ధాంతగ్రంథం చివరి గ్రంథసూచిలోని ఇంగ్లీషు పుస్తకాల పేర్లు తెలుగు అక్షరాల కలగూరగంపగా మారేది ఇందువల్లనే. మూడు, ఆకారసామ్యం. పూర్ణబిందువు ‘ం’, తెలుగు అంకె ‘౦’ కంటికి ఒకేలా కనిపిస్తాయి, సంకేతాలు వేరు. విసర్గకు బదులు రెండు చుక్కల విరామచిహ్నం పడటం కూడా ఇలాంటిదే. చదివేటప్పుడు ఇవి దొరకవు. వెతికేటప్పుడు మాత్రం ఆ పదం దొరకదు.

ఈ మూడవ అంశం పరిశోధనకు చాలా కీలకం. పదసూచి, పదప్రయోగ కోశం, అకారాది గ్రంథసూచి తయారు చేయడం కంప్యూటర్ వల్ల సులభమవుతుందని మనం అనుకుంటాం. ఫాంటు సంకేతంలోని పదాలను అకారాదిగా పేర్చమంటే యంత్రం వాటి వెనుక ఉన్న రోమన్ స్థానాల వరుసలో పేరుస్తుంది. ఆ వరుసకు తెలుగు వర్ణమాలతో సంబంధం లేదు. 2009 నాటి యూజీసీ నిబంధనల నుంచి సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించడం తప్పనిసరి అయింది. వాటికి శోధగంగ నిలయమయింది. ఫాంటు సంకేతంలో కూర్చి, పీడీఎఫ్‌గా మార్చి సమర్పించిన గ్రంథం అక్కడ కంటికి కనిపిస్తుంది, అన్వేషణకు దొరకదు. గ్రంథం ఉండి కూడా లేనట్టే. ఒకే అంశంపై పునరావృత పరిశోధనలు జరుగుతున్నాయని విచారించే మనం, ఈ కారణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

5. కొత్త వ్యవస్థ ఇచ్చేవి – ఇవ్వనివి

పాత వ్యవస్థలో యూనికోడ్ తెలుగు రాయగలిగినప్పుడు కొత్తదానికి ఎందుకు మారాలన్న ప్రశ్న న్యాయమైనదే. దీనికి భద్రతను మించిన, తెలుగు విద్యార్థికి ప్రత్యేకమైన సమాధానం ఒకటి ఉంది. యూనికోడ్ తెలుగు 1991లో ఆగిపోలేదు. దంత్య చజలను సూచించే ౘ, ౙ అక్షరాలు 2008లో చేరాయి. అవగ్రహచిహ్నం కూడా అప్పుడే చేరింది. ప్రాచీన శాసనాల్లో కనిపించే ఴ 2014లో, ౚ 2015లో చేరాయి. సిద్ధం చిహ్నం 2019లో, నకారపొల్లు ౝ, పరభాషాధ్వనులను సూచించడానికి పనికివచ్చే నుక్తా 2021లో వచ్చాయి. 2001 నాటి ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటులో ఇవి ఉండే అవకాశం లేదు. ఫాంటులో లేని అక్షరం ఖాళీ గడిగా కనిపిస్తుంది.

‘ౘల్ల’, ‘ౘాప’, ‘ౙొన్న’ అని మాండలికాన్ని ఉన్నదున్నట్టు రాయదలచిన భాషా పరిశోధకుడికి, శాసనపాఠాన్ని ప్రకటించదలచిన చరిత్ర పరిశోధకుడికి, పాత ముద్రణల్లోని నకారపొల్లును నిలుపదలచిన పరిష్కర్తకు ఇది అలంకారం కాదు, అవసరం. బ్రౌన్ తన నిఘంటువులో చూపిన దంత్య–తాలవ్య భేదాన్ని కంప్యూటర్‌లో తిరిగి చూపడానికి మనకు ఒకటిన్నర శతాబ్దం దాటి పట్టింది. పాత యంత్రాన్ని పట్టుకుని ఆ భేదాన్ని మళ్లీ వదులుకోవడం ఉచితం కాదు.

కొత్త వ్యవస్థ అన్నీ ఇస్తుందనుకోవడం కూడా పొరపాటే. పై పేరాలోని అక్షరాల్లో ఏదైనా చదువరి తెరమీద గడిగా కనిపిస్తే, కొత్త వ్యవస్థ ఉంటే చాలదనీ, ఆ అక్షరం ఉన్న ఫాంటు కూడా కావాలనీ గ్రహించాలి. మరొక చిక్కు: విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు వ్యవస్థతో పాటు నేరుగా రాకుండా, విడిగా స్థాపించుకోవలసిన అదనపు భాగాలయ్యాయి. గౌతమిలో రాసిన పాత పత్రాన్ని అవి లేని కంప్యూటర్‌లో తెరిస్తే మరో ఫాంటు వచ్చి చేరుతుంది. అక్షరాల కొలతలు మారి పుటలు జరుగుతాయి. పుటసంఖ్యతో ఉదాహరించే పరిశోధన సంప్రదాయంలో ఇది చిన్న విషయం కాదు. అందువల్ల ఉదాహరించవలసిన ప్రతిని ఫాంటును ఇమిడ్చిన పీడీఎఫ్‌గా, పని చేయవలసిన ప్రతిని యూనికోడ్ పాఠంగా రెండు విధాలా నిలుపుకోవాలి.

6. అడవి అంచు పాఠాలు – ఎంపిక ప్రశ్న

అచ్చయిన కావ్యానికి ప్రతులు అనేకం. ఒక కంప్యూటర్ పోయినా కావ్యం పోదు. మౌఖిక సాహిత్యం సంగతి వేరు. జూలూరుపాడు పరిసరాల్లో కోయ, లంబాడా సమాజాల పాటలు, కథలు, కొలుపుల వివరాలు సేకరించే విద్యార్థి చేతిలో ఉన్న ప్రతి చాలాసార్లు ఏకైక ప్రతి. పాడినవారు గతించాక ఆ ఫైలే మూలం. ఏకైక ప్రతిని ఒక ఫాంటుకూ, ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కూ కట్టి ఉంచడం, ఉన్న ఒక్క తాళపత్రాన్ని చెదల పక్కన పెట్టడం వంటిది.

కోయ విషయంలో మరొక పార్శ్వం ఉంది. కోయ మాట్లాడేవారు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాలలో విస్తరించి ఉన్నారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాషాధారిత బహుభాషా విద్య మొదలైనప్పుడు కోయ సహా ఎనిమిది గిరిజన భాషలకు తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. ఒడిశాలో కోయను ఒడియా లిపిలో రాస్తారు. భారతీయ లిపులకు యూనికోడ్‌లో సమాంతర అమరిక ఉంది. తెలుగు ‘క’ తన విభాగంలో ఏ వరుస స్థానంలో ఉందో, దేవనాగరి, ఒడియా ‘క’లు తమ విభాగాల్లో అదే స్థానంలో ఉంటాయి. అందువల్ల తెలుగు లిపిలో ఉన్న కోయ పాటను ఒడియాలోకో, దేవనాగరిలోకో యంత్రం ద్వారా చాలావరకు మార్చవచ్చు. సరిహద్దులు విడదీసిన భాషా సమాజానికి ఒకరి పాట మరొకరికి అందే మార్గమిది. ఫాంటు సంకేతంలో ఉన్న పాటకు ఈ ప్రయాణం లేదు.

ఇక ఏ వ్యవస్థకు మారాలి? విండోస్ 11కు తగిన యంత్రం ఉన్నవారికి ప్రశ్న లేదు. లేనివారికి యంత్రాన్ని పారేయడం ఒక్కటే దారి కాదు. గ్నూ/లినక్స్ ఆధారిత వ్యవస్థలు పాత కంప్యూటర్లలోనూ నడుస్తాయి. వాటిలో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, పోతన, వేమన, లోహిత్ వంటి ఫాంట్లు లభిస్తాయి. లిబ్రెఆఫీస్ తెలుగు ముఖాంశాలతోనే దొరుకుతుంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలు తెలుగులో ఈ కృషి చేశాయి. పొరుగున కేరళ పాఠశాలలు ఈ మార్గాన్ని రాష్ట్రవ్యాప్తంగా అనుసరించాయి. ఇందులో ఒక పరిమితి ఉంది. పేజ్‌మేకర్‌కు లినక్స్ కూర్పు లేదు. అంటే పాఠాన్ని ముందుగా యూనికోడ్‌లోకి తెచ్చుకున్నవారికే ఈ స్వేచ్ఛ. తెచ్చుకోనివారికి ఏ కొత్త వ్యవస్థ అయినా పరాయి ఇల్లే. ఆపరేటింగ్ సిస్టమ్ ఎంపిక కంటే పాఠ సంకేతం ఎంపిక ముందు జరగవలసినదని ఇక్కడ స్పష్టమవుతుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ పట్ల తెలుగు పరిశోధకులకు కలిగిన తొలి సందేహం నిరాధారమైనది కాదు. పాఠం ఫాంటుకూ, ఫాంటు వ్యవస్థకూ కట్టుబడి ఉన్నంతకాలం ఆ సందేహం సహేతుకమే.

2. సందేహం సహేతుకమైనా, దాని నుంచి తీసుకున్న నిర్ణయం సరికాదు. పాత యంత్రాన్ని అట్టిపెట్టుకోవడం పాఠరక్షణ కాదు, పాఠం నశించే గడువును వాయిదా వేయడం మాత్రమే.

3. ఫాంటు సంకేతం నుంచి యూనికోడ్‌కు మార్పిడిని ప్రతిలేఖనంగా గుర్తించి, మూలప్రతితో పోల్చి సరిచూడాలి. ముఖ్యంగా వత్తుల క్రమం, ఇంగ్లీషు భాగాలు, సున్న–అంకె, విసర్గలను పరిశీలించాలి. మూల ఫైలును, అది ఏ ఫాంటులో ఏ ప్రోగ్రాముతో కూర్చినదో తెలిపే వివరాన్ని పారేయరాదు.

4. ౘ, ౙ, ఴ, ౝ వంటి అక్షరాలు కొత్త వ్యవస్థల్లో, తగిన ఫాంట్లతో అందుబాటులోకి రావడం మాండలిక, శాసన, పాఠపరిష్కరణ పరిశోధనలకు మేలు.

5. ఏకైక ప్రతులుగా ఉన్న మౌఖిక సాహిత్య సేకరణలకు ఈ పనిలో ప్రథమ స్థానం ఇవ్వాలి.

సిద్ధాంతగ్రంథం సమర్పణతో పాటు యూనికోడ్ పాఠాన్ని కూడా విశ్వవిద్యాలయాలు స్వీకరించే పద్ధతి ఏర్పడితే, రాబోయే తరం ఇదే ప్రశ్నను మళ్లీ వేసుకోవలసిన అవసరం ఉండదు. విండోస్ 11కూ ఒకనాడు మద్దతు ముగుస్తుంది. అప్పటికి మన పాఠం ఏ వ్యవస్థకూ బందీ కాకుండా ఉంటే, ఆ మార్పు యంత్రానికి సంబంధించిన వార్తగానే మిగులుతుంది. ఆ దశకు చేర్చే బాధ్యత సాంకేతిక నిపుణులతో పాటు పాఠం విలువ తెలిసిన తెలుగు శాఖలది కూడా.